దయ్యం క్షమిస్తే సరిపోతుందా?

దయ్యాల కథ చూసి భయపడితే అర్థం వుంది గానీ, ఏడిస్తే ఏమనాలి? 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' సీరియల్ పది భాగాలూ చూసి నేను చేసింది ఆ పనే. చివరి భాగం అయ్యాక కళ్ళు తుడుచుకుని, తేలికపడ్డ మనసుతో పడుకున్నాను. తెల్లారి లేచేసరికి ఆ తేలికే నన్ను బాధపెట్టింది.

దీనికి మూలమైన నవల 1959 నాటిది. రాసినావిడ షెర్లీ జాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి. నలుగురు పిల్లల తల్లి. ఇంటిపనుల మీదా, పిల్లల అల్లరి మీదా పత్రికలకి సరదా కబుర్లు రాసిన చేత్తోనే ఈ దయ్యాల కథా రాసింది. ఆ కబుర్ల పుస్తకంలో ఓ ముచ్చట వుంది. కాన్పుకి ఆసుపత్రికి వెడితే, అక్కడి గుమస్తా వృత్తి ఏమిటని అడుగుతుంది. 'రచయిత్రి' అంటుందీవిడ. సరేలెండి, 'గృహిణి' అని రాసుకుంటానంటుంది ఆ గుమస్తా! ఇల్లు ఆడదాన్ని ఎలా మింగుతుందో జాక్సన్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

నవలలో ఎలినార్‌కి 32 ఏళ్ళు. పెళ్ళి లేదు. 11 ఏళ్ళు జబ్బు తల్లికి సేవ చేసింది. తల్లి పోయాక అక్కా బావల పంచన చేరింది. కారులో సగం వాటా తనదైనా, తీసుకెళ్ళడానికి వాళ్ళు ఒప్పుకోరు. చెప్పకుండా తీసుకుని హిల్ హౌస్‌కి బయల్దేరుతుంది. అక్కడి కొత్త స్నేహితులకి తనకో సొంత ఇల్లు వుందనీ, అది ఇలా వుంటుందనీ అబద్ధాలు చెబుతుంది. ఆ అబద్ధాలు చదువుతుంటే నాకు దయ్యాలకంటే ఎక్కువ భయం వేసింది. తల్లి చివరి రాత్రి గోడ మీద కొట్టి పిలిస్తే, తను విని కూడా మళ్ళీ నిద్రపోయిందేమోనన్న అనుమానం ఆమెని తినేస్తూ వుంటుంది. చివరికి అందరూ కలిసి ఆమెని ఆ ఇంట్లోంచి పంపించేస్తారు. కారుని చెట్టుకి గుద్దేస్తుంది. మిగిలినవాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు. ఎవరూ క్షమించమని అడగరు. ఎవరూ క్షమించరు కూడా.

మరి సీరియల్ తీసిన మైక్ ఫ్లానగన్ ఏం చేశాడు? కథంతా మార్చేశాడు. ఒంటరి ఎలినార్‌ని అయిదుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళలో ఒకదాన్ని చేశాడు. ఇంట్లో అందరూ ఆమెని ముద్దుగా నెల్ అంటారు. చిన్నప్పుడు ఆ ఇంట్లో పడ్డ భయాలు పెద్దయ్యాక కూడా ఆమెని వదలవు. అయినవాళ్ళకి చెప్పుకోబోతే వినే ఓపిక ఎవరికీ లేదు. ఆమె మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళి చనిపోతుంది. ఆఖరి భాగంలో ఆమె ఆత్మే వచ్చి తోబుట్టువులందరినీ క్షమిస్తుంది. నవల 'ఒంటరిగా' అన్న మాటతో ముగిస్తే, సీరియల్ దాన్ని 'కలిసి' అని మార్చి ముగిసింది.

మార్చడం తప్పని నేననను. రాబర్ట్ వైజ్ 1963లో నవలని ఇంచుమించు అనుసరించే మంచి సినిమా తీశాడు. అది అయిపోయింది. అదే మళ్ళీ తియ్యడం ఎందుకు? నా కథనైనా సరే, నా తర్వాత ఎవరో కొత్తగా చెప్పుకుంటే సంతోషించాలి గానీ దెబ్బలాడకూడదు. నాకొచ్చిన చిక్కల్లా ఆ క్షమించడంతోనే.

చనిపోయిన మనిషి వచ్చి క్షమించిందని చెబుతున్నది ఎవరు? బతికున్నవాళ్ళు. ఆ మాటలు ఆమె నోట పెట్టిందీ వాళ్ళే. అప్పు తీసుకున్నవాళ్ళే 'చెల్లయిపోయింది' అని రసీదు రాసుకుంటే ఎలా వుంటుంది? ఇదీ అలాగే లేదూ?

అయితే ఆ ఓదార్పు అక్కర్లేదని చెప్పే గుండె నాకు లేదు. అయినవాళ్ళని పోగొట్టుకున్న మనిషి ఏదో ఒకటి నమ్ముకోకపోతే తెల్లవారేదెలా? సీరియల్ నన్ను ఏడిపించిందంటే, ఆ అవసరం నాకూ వుందనేగా! జాక్సన్ ఆ అవసరాన్ని గుర్తించలేదని కాదు. పాఠకుడిని అంత తొందరగా వదిలిపెట్టడం ఆవిడకి ఇష్టం లేదు, అంతే. పుస్తకం మూసేశాక కూడా, ఎలినార్‌ని ఎవరైనా ఒక్క రోజు తమ ఇంట్లో వుంచుకుని వుంటే బావుండునని మనం గింజుకుంటాం. ఆ గింజుకోవడమే మనచేత ఏదైనా చేయిస్తుందని నా నమ్మకం.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. నేనా ఆఖరి భాగం చూస్తుండగా మా పిన్ని ఫోన్ చేసింది. అమ్మమ్మకి చివరిదాకా చేసి, పెళ్ళి మాట మరిచిపోయి, ఇప్పుడు మామయ్య వాళ్ళింట్లో ఓ మూల గదిలో వుంటోంది. "రేపు చేద్దాంలే" అనుకుని ఫోన్ బోర్లా పెట్టి, నెల్ కోసం హాయిగా ఏడ్చాను.

తెల్లారి ఫోన్ చేశాను. "ఏం లేదే, వూరికే చేశాను" అంది పిన్ని.

ఆదివారం భోజనానికి రమ్మన్నాను. "పక్క బట్టలు తెచ్చుకోవాలా?" అని అడిగింది. రెండ్రోజులు వుంటావా అని నేనింకా అడగనే లేదు.