ముప్ఫై ఐదో వంతు యుద్ధం

నా ఫోన్ నోట్స్‌లో ఒక జాబితా ఉంది. పేరు "రావాల్సినవి". ప్లాస్టిక్ ట్యాంకు మోడళ్ళు కట్టే ప్రతివాడి దగ్గరా ఇలాంటిదొకటి ఉంటుంది. ఏ కంపెనీ అయినా, ఎప్పుడైనా, ఈ బండిని మోడల్ కిట్‌గా తెస్తే బావుండునని మనసులో అనుకునేవన్నీ అందులో చేరతాయి. నా జాబితాలో మన సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే "శరత్" ఉంది. రష్యన్ బీఎంపీ-2కి మన రూపం అది. లోపలి భాగాలన్నీ సరిగ్గా ఉన్న విజయంత ఉంది. 1971 గుర్తులతో సెంచూరియన్ ఉంది. ఇవన్నీ ఎవరికైనా చూపించగలను, సిగ్గేం లేదు.

కానీ కింద ఇంకో లైను ఉంది. 2022 మార్చిలో రాసుకున్నది. "టీ-72, జెడ్ గుర్తు, టరెట్ ఊడిపోయినది."

ఆ లైను గురించే ఈ వ్యాసం.

ఈ లోకం తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. ట్యాంకు మోడళ్ళలో ఎక్కువమంది కట్టేది 1/35 స్కేలు. ఈ వింత అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. 1960ల మొదట్లో జపాన్‌లోని షిజుఓకాలో తమియా కంపెనీ పాంథర్ అనే జర్మన్ ట్యాంకు బొమ్మ చేసింది. మోటారుతో నడిచే బొమ్మ. లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలి కాబట్టి వాటికి సరిపడా సైజులో చేశారు. తర్వాత కొలిచి చూసుకుంటే అసలు ట్యాంకులో దాదాపు ముప్ఫై ఐదో వంతు ఉంది. అదే ప్రపంచానికంతటికీ కొలత అయిపోయింది.

ఆ షిజుఓకా నగరం 1945 జూన్‌లో అమెరికన్ బాంబులకి కాలిపోయింది. మరుసటి ఏడాది తమియా అక్కడ కలప మిల్లుగా మొదలైంది. అంటే ఊరు కాలిన పదహారు, పదిహేడేళ్ళకి అదే ఊళ్ళోంచి యుద్ధపు ట్యాంకు పిల్లల బొమ్మై బయటికొచ్చింది. ఇది తప్పని నేననను. కానీ ఆ అంకె నా మనసులో ఉండిపోయింది. పదహారు, పదిహేడేళ్ళు. యుద్ధం బొమ్మ కావడానికి ఎన్నాళ్ళు పట్టాలి? నేను నా లైను రాసుకునేసరికి ఆ యుద్ధం మొదలై నెలయినా కాలేదు.

"బొమ్మే కదా" అంటారు మొదట. నేనూ అన్నాను, చాలాసార్లు. ఈ వాదన పాతది. హెచ్.జి. వెల్స్ 1913లో "లిటిల్ వార్స్" అని ఒక పుస్తకం వేశాడు. సీసపు సైనికులతో గదిలో నేలమీద ఆడుకునే యుద్ధానికి నియమాలు అవి. నిజం యుద్ధం పిచ్చిపనీ ఈ చిన్న యుద్ధమే మేలూ అని అందులో వాదిస్తాడు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అప్పుడు అదే వెల్స్ దాన్ని యుద్ధాలని అంతం చేసే యుద్ధమని సమర్థించాడు. బొమ్మలు యుద్ధం తేలేదు, నిజమే. ఆపనూ లేదు. బొమ్మలాట ఆడిన మనిషికి నిజం యుద్ధం దగ్గర కాస్త ఎక్కువ వివేకం కూడా రాలేదు. కాబట్టి "బొమ్మే కదా" అన్నది నన్ను నిందించదు, అలాగని కాపాడదు కూడా.

రెండో సమాధానం "ఇది చరిత్ర". ఇది మావాళ్ళకి బాగా ఇష్టమైన సమాధానం. ప్రతి బోల్టూ ఎక్కడుండాలో, ఏ నెలలో ఏ చక్రం మార్చారో మాకు తెలుసు. మరి మా కోరికల జాబితాలు చరిత్రలా ఉంటాయా? రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు చేసిన టైగర్-1 ట్యాంకులు సుమారు 1,350. అమెరికా చేసిన షెర్మన్లు సుమారు 49,000. అభిమానుల మనసులో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. 188 టన్నుల మౌస్ అనే ట్యాంకు ఉంది. కట్టింది రెండే, యుద్ధంలో ఒక్క గుండు పేల్చింది లేదు. దానికి ఒకటి కాదు, అనేక కిట్లున్నాయి. అదే జర్మన్ సైన్యం సామాన్లు మోయడానికి లక్షల గుర్రాల మీద ఆధారపడింది. గుర్రపు బండి కోసం తహతహలాడే కలెక్టర్‌ని నేనింతవరకూ చూడలేదు. మనం చరిత్రని కోరుకోవడం లేదు. చరిత్రలో అరుదైనదాన్నీ, బరువైనదాన్నీ, భయపెట్టేదాన్నీ ఏరుకుంటున్నాం. ఏరుకోవడంలో తప్పేం లేదు. ఏరుకుంటున్నామని ఒప్పుకోకపోవడంలోనే ఉంది.

మూడో సమాధానం "పనితనం". ఇది అన్నిటికన్నా నిజాయితీ ఉన్న సమాధానం, నన్ను ఇరుకున పెట్టింది కూడా ఇదే. నేను ట్యాంకులు ఇష్టపడేది ఎవరినో చంపుతాయని కాదు. ఉలిపిరి కాగితం మందాన బురద ఎండితే ఏ రంగులో ఉంటుందో, పెయింటు ఏ అంచున ముందు పోతుందో పట్టుకోగలిగినప్పుడు వచ్చే సంతోషం కోసం. రాత్రి ఒంటిగంటకి టేబుల్ లైటు కింద సన్న బ్రష్షుతో కూర్చున్నప్పుడు ఆఫీసూ ఈఎమ్ఐలూ ఏవీ గుర్తుండవు.

2022 మార్చిలో నేను వెతికింది ఆ పనితనం కోసమే. కాలిన ఇనుము రంగు. ట్యాంకు పూర్తిగా తగలబడితే పెయింటంతా పోయి, ఉక్కు తుప్పుపట్టి ఒక నారింజ రంగులోకి వస్తుంది. అది పట్టుకోవడం కష్టం. ఉక్రెయిన్ నుంచి రోజూ ఫొటోలు వస్తున్నాయి. డౌన్‌లోడ్ చేసుకుని "రస్ట్" అని ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటున్నాను. ఒక ఫొటోలో ఆ రంగు అద్భుతంగా ఉంది, పక్కనుంచి పడుతున్న ఎండలో. జూమ్ చేసి చూస్తుంటే కుడివైపు కింద ఒక మూల ఏదో కనపడింది. బూటు. బూటుకి పైన ఒక దుప్పటి.

నేనేం చేశానో చెప్తాను. క్రాప్ చేశాను. మూల తీసేసి, తుప్పు మాత్రం ఉంచుకుని సేవ్ చేశాను. ఆ తర్వాతే జాబితాలో ఆ లైను రాసుకున్నాను. ఆ క్షణంలో నాకేమీ అనిపించలేదు. అదే తర్వాత నన్ను పట్టుకుంది.

టీ-72లో టరెట్ ఎందుకలా ఎగిరి పడుతుందో నాకు బాగా తెలుసు, మోడళ్ళ పుణ్యమా అని. గుండ్లని దానంతటదే నింపే యంత్రం ఉంటుంది అందులో. టరెట్ అడుగున గుండ్రంగా తిరిగే పళ్ళెంలాంటిది, 22 గుండ్లు పడతాయి. కమాండరూ గన్నరూ వాటి పైనే కూర్చుంటారు, డ్రైవరు ముందు. కవచం చీల్చుకుని ఏదైనా ఆ పళ్ళేన్ని తాకితే అన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. ఆ పళ్ళేన్ని కూడా గుండు గుండూ విడివిడిగా చేసిచ్చే కిట్లున్నాయి. కలెక్టర్లకి ఇప్పుడు బయటి రూపం ఒక్కటే చాలడం లేదు, "ఫుల్ ఇంటీరియర్" కావాలి. లోపలున్నదంతా కావాలి, మనుషులు తప్ప. అదే టీ-72ని ఆవడిలో కట్టి మన సైన్యం "అజేయ" అని పిలుచుకుంటుంది. ఆ పళ్ళెం మీద మన ఊళ్ళ కుర్రాళ్ళు కూడా కూర్చుంటారు. ఈ సంగతీ నాకు తెలుసు. తెలిసుండీ క్రాప్ చేశాను.

నా అల్మారాలో ఇంకా కట్టని కిట్ ఒకటుంది. మినీఆర్ట్ వాళ్ళ టీ-54, లోపలి భాగాలతో సహా. మినీఆర్ట్ కంపెనీ ఉన్నది కీవ్‌లో. ఐసీఎమ్ అనే ఇంకో పెద్ద కిట్ల కంపెనీ కూడా అక్కడే. ఫిబ్రవరి 24 తర్వాత నిజం ట్యాంకులు బుచా, ఇర్పిన్ దాకా వచ్చినప్పుడు, ఆ ఊరి పక్కనే రష్యన్ ట్యాంకుల బొమ్మలకి అచ్చులు చెక్కిన మనుషులున్నారు. ఆ యుద్ధంలోనే వాళ్ళు మళ్ళీ కొత్త కిట్లు తెచ్చారు. వాళ్ళ కిట్ కొంటే ట్యాంకుల వాత పడ్డ ఊరికి నా డబ్బు వెళ్తుంది. కొననంటే ఎవరికి మేలు? అందుకే ఇలాంటి బొమ్మ కోరుకోవడమే పాపమనే తీర్పు నాకు మరీ తేలిగ్గా తోస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో కీవ్ నడిబొడ్డున, ఖ్రెషాటిక్ వీధిలో, కాలిపోయిన రష్యన్ ట్యాంకుల్ని వరసగా పెట్టారు. జనం పిల్లల్ని తీసుకెళ్ళి చూపించారు. నేను క్రాప్ చేసి ఉంచుకున్న తుప్పే అది. కానీ ఆ తుప్పుని అలా చూసే హక్కు వాళ్ళకుంది. అందులో ఏముండేదో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే కాలం గడిస్తే సరిపోతుందా? నా జాబితాలో ఉన్న సెంచూరియన్నే తీసుకుందాం. 1971 డిసెంబర్ 16, బసంతర్ యుద్ధం. పూనా హార్స్ రెజిమెంటు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్, 21 ఏళ్ళు. ఆయన సెంచూరియన్ పేరు "ఫామగుస్తా". మంటలంటుకున్నా వెనక్కి రానని అందులోనే పోరాడి చనిపోయాడు, పరమవీరచక్ర ఇచ్చారు. ఆ ట్యాంకు ఇప్పుడు అహ్మద్‌నగర్‌లో భద్రంగా ఉంది. యాభై ఏళ్ళు దాటింది, మనవాడు, వీరుడు. దాన్ని కోరుకుంటే ఎవరూ తప్పుపట్టరు.

కానీ ఆ కథ 1971తో అయిపోలేదు. 2001లో ఖేత్రపాల్ తండ్రి, ఆయనా రిటైరైన బ్రిగేడియరే, తను పుట్టిన సర్గోధా చూసుకోవడానికి పాకిస్తాన్ వెళ్ళాడు. లాహోర్‌లో ఆయనకి ఆతిథ్యమిచ్చింది బ్రిగేడియర్ ఖ్వాజా మొహమ్మద్ నసీర్. వెళ్ళేముందు రాత్రి నసీర్ ఆయనకి చెప్పాడు, మీ అబ్బాయి చనిపోయింది నా చేతిలోనేనని. ఆ మాట నోటికి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. నేను "1971 గుర్తులతో సెంచూరియన్" అని రాసుకోవడానికి అరనిమిషం పట్టింది. మధ్యలో ఎంత కాలం గడిచిందని లెక్కపెట్టాల్సింది నేను కాదనిపిస్తుంది. ఆ ఇద్దరు ముసలివాళ్ళకి ముప్ఫై ఏళ్ళయినా అది నిన్న మొన్నటిదే. కాలం గడిస్తే నాకు తేలికవుతుంది, అంతే. నాకు తేలికవడం, అది సరైనదవడం రెండూ ఒకటి కావు.

దసరాకి జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తాం కదా. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు తమ ఆయుధాలని మూటగట్టి దాచింది ఆ చెట్టు మీదే. ఎవరూ ముట్టుకోకుండా, అక్కడ శవం కట్టి ఉందని చెప్పారని కథ. చిన్నప్పుడు అది తెలివైన ఉపాయంలా అనిపించేది. ఇప్పుడు ఇంకోలా కనపడుతుంది. ఆయుధాన్నీ శవాన్నీ కలిపి ఒకే చెట్టుకి కట్టారు. గాండీవం కావాలని ఎవడైనా చెట్టెక్కితే ముందు శవం దాటి వెళ్ళాలి. నేను ఫోన్‌లో చేసింది సరిగ్గా దానికి తలకిందులు. మూటలోంచి శవాన్ని విప్పి పక్కన పడేసి, ఆయుధం ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు నాకు తోచింది ఇది. ట్యాంకు బొమ్మ కోరుకోవడం తప్పు కాదు. దాన్ని కట్టేవాడు క్రూరుడూ కాదు, నాకు తెలిసినవాళ్ళలో చాలామంది చీమని కూడా చూసి నడిచే రకం. కానీ మాకు ఒక జబ్బుంది. అక్షరాలా నిజంలా ఉండాలని పట్టుబడతాం, ఆ పట్టుదలంతా ఇనుము దగ్గరే ఆగిపోతుంది. ఒక రివెట్ తక్కువైతే కంపెనీని తిట్టేవాళ్ళం, ముగ్గురు మనుషులు తక్కువైతే గమనించం. అడగాల్సిన ప్రశ్న "ఎన్నాళ్ళయింది" కాదు. ఆ పూర్తి ఫొటోని, ఆ మూలతో సహా, టేబుల్ మీద మోడల్ పక్కన పెట్టుకుని పనిచేయగలనా? చేయగలిగితే కట్టొచ్చు. లేకపోతే ఇంకా సమయం కాలేదు, యుద్ధానికి కాదు, నాకు.

నేను చేయగలనా అంటే, చేయలేకపోయాను. ఆ ఫొటో అసలుది మళ్ళీ వెతికాను, దొరకలేదు. నా దగ్గరున్నది తుప్పు మాత్రమే. ఆ కిట్ ఎప్పుడైనా వచ్చినా కొనను. అయినా జాబితాలోంచి ఆ లైను మాత్రం తీసేయలేదు. రెండుసార్లు వేలు డిలీట్ దాకా వెళ్ళింది. అదీ తీసేస్తే మళ్ళీ క్రాప్ చేసినట్టే అవుతుంది.