పుస్తకం ఎవరి దగ్గరుంది?

బ్లాక్‌చెయిన్ గురించి వినగానే చెప్పే మొదటి మాట: ఎవరినీ నమ్మక్కర్లేదు. 2008 నాటి బిట్‌కాయిన్ పత్రం ఉద్దేశమే బ్యాంకు లాంటి మధ్యవర్తిని తప్పించడం. మరి తామే మధ్యవర్తులైన పెద్ద కంపెనీలు దీన్నెందుకు నెత్తికెత్తుకున్నట్టు?

ట్రేడ్‌లెన్స్ సంగతే చూడండి. డెన్మార్క్ ఓడల కంపెనీ మేర్స్క్, ఐబీఎమ్ కలిసి 2018లో మొదలుపెట్టాయి. ఒక కంటెయినర్ సముద్రం దాటాలంటే ఎగుమతిదారు, కస్టమ్స్, రేవు, బ్యాంకు, ఎవరి కాగితాలు వాళ్ళవి. అందరికీ ఒకే లెక్క ఉంటే బావుంటుంది కదా! కానీ ఆ లెక్కల పుస్తకంలో పోటీ కంపెనీకి వాటా ఉందనగానే మిగతా ఓడలవాళ్ళు వెనకాడారు. తర్వాత ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం లాంటి పెద్దవాళ్ళు చేరారు కూడా. అయినా 2022 నవంబరులో మూసేస్తున్నామన్నారు. పరిశ్రమంతా కలిసిరాలేదన్నది వాళ్ళు చెప్పిన కారణం.

ఇంజనీర్లం కాబట్టి మనం కోడ్‌లో తప్పు వెతుకుతాం. నాకైతే ఇది చీటీపాట తగువులా కనిపిస్తుంది. పుస్తకంలో కొట్టివేతలు లేవు, సరే. పాట పాడేవాళ్ళలో ఒకరిదే ఆ పుస్తకమైతే? ఎవర్ని చేర్చుకోవాలి, ఫీజెంత, రేపు రూల్ మారిస్తే ఎవర్ని అడగాలి, ఇవన్నీ మీటింగ్ గదుల్లో తేలేవి. అక్కడ మళ్ళీ మనుషుల్నే నమ్మాలి. పైగా బరువు తప్పు రాస్తే, ఆ తప్పూ చెరగదు.

అసలు నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. మోసం చేసే వీల్లేకపోవడం, మోసం చెయ్యకపోవడం ఒకటేనా? మొదటిది కొనుక్కోవచ్చు. రెండోది ఆ ఓడల కంపెనీలకి ఒకరి మీద ఒకరికి ముందే కొంతైనా ఉండాల్సింది.