పూటకూళ్లవాని యింట



మంచి సమరయుని ఉపమానము మీరు ఎన్ని మారులు విని యుందురో! యాజకుని గూర్చియు లేవీయుని గూర్చియు ప్రతి ప్రసంగికుడును మాటలాడును. సమరయుని వాహనమును గూర్చి సహితము అరగంట ప్రసంగించినవారిని నేనెరుగుదును. అయితే సమరయుడు తన దారిని తాను వెళ్లిపోయిన తరువాత ఆ గాయపడినవానికి గంజి కాచి పోసి, కట్లు మార్చి, కనిపెట్టుకొనియున్న పూటకూళ్లవానిని గూర్చి ఎవరు మాటలాడుదురు? సెమినరీ విడిచి వచ్చినది మొదలు నేనును మాటలాడలేదు. 2025 జనవరి నెలలో లంబసింగిలో జరిగిన ఒక సంగతి ఆ మనుష్యుని నా యెదుట నిలువబెట్టినది. అది నాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. అయినను మీతో చెప్పక దాచుట మంచిది కాదని వ్రాయుచున్నాను.

మా సంఘములోని ఒక కుటుంబమువారి కుమారుడు పరదేశములో ఉద్యోగము చేయుచున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు తన తలిదండ్రులతోపాటు నన్నును నా భార్యను కొండమీది ఒక మంచి హోటలులో ఒక రాత్రి గడుపుటకు పిలిచెను. "అయ్యగారూ, ఎప్పుడూ మీరే మా యిళ్ల చుట్టూ తిరుగుతారు. ఈసారి మా మాట కాదనకండి" అనెను. వెళ్లితిమి.

నర్సీపట్నము నుండి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. సముద్రమట్టమునకు దాదాపు 1,000 మీటర్ల ఎత్తున నున్న ఊరు. దాని పాత పేరు కొర్రబయలు. ఆరుబయట పండుకొన్నవాడు తెల్లవారునప్పటికి కొర్రవలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. నేను ఈ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినప్పుడు అక్కడ వేడి టీ దొరికిన అదే భాగ్యము. ఇప్పుడు చలికాలములో మంచు చూచుటకు విశాఖపట్నము నుండి, హైదరాబాదు నుండి కార్లు బారులు తీరుచున్నవి. గుడారములు, రిసార్టులు వెలసినవి. మేము ఒక గంటలో ఎక్కిన ఆ ఘాటు దారికి ఒక చరిత్ర కలదు. 1920ల ఆరంభమున గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవారిని చాలీచాలని కూలికి ఈ రోడ్డు పనికి బలవంతముగా దింపెను. మన్యపు తిరుగుబాటుకు అదియు ఒక కారణమాయెను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణామీద చేసిన దాడితో అది మొదలైనది. కారులో కూర్చున్న మాలో ఆ సంగతి ఎవరికిని జ్ఞాపకము లేదు. మలుపులలో కడుపు త్రిప్పకుండ చూచుకొనుటయే మా పనిగా నుండెను.

హోటలు కాఫీ తోటల నడుమ నున్నది. చెట్లకు మిరియపు తీగెలు ప్రాకియున్నవి. సాయంకాలము నెగడు వేసి, బల్లలమీద తెల్లని గుడ్డలు పరచిరి. మన విందులలోవలె అన్నియు ఒకేసారి వడ్డించరు. పెద్ద పళ్లెములో కొంచెము కొంచెముగా, ఒకటి తరువాత ఒకటి తెచ్చి పెట్టుదురు. నా భార్య మొదటి పళ్లెము చూచి "ఇది తినమనా, వాసన చూడమనా?" అని నా చెవిలో అడిగినది. చింతపల్లి రాజ్మా గింజల సూపు, వెన్న పూసిన పలుచని చోడిరొట్టె, తరువాత బొంగుకోడి. మసాలా పట్టించిన కోడిమాంసమును పచ్చి వెదురుబొంగులో కూరి, మూతిని ఆకుతో బిగించి, నూనెచుక్క లేకుండ నిప్పులమీద త్రిప్పుచు కాల్చెదరు. వెదురులోని తేమయే దానిని ఉడికించును. రుచిగా లేదని చెప్పినచో నేను అబద్ధికుడనగుదును.

భోజనము కొరకు ఇంత దూరమా అని మీరు నవ్వవచ్చును. ఫ్రాన్సు దేశములో మిషెలిన్ అను టైర్ల కంపెనీవారు 1900 సంవత్సరమున మోటారు బండ్లవారి కొరకు ఒక చిన్న పుస్తకము అచ్చువేసిరి. బండ్లు ఎంత తిరిగిన టైర్లు అంత అరుగును గదా! 1926 నుండి అందులో మంచి భోజనశాలలకు నక్షత్రపు గుర్తు పెట్టుచున్నారు. మూడు నక్షత్రములనగా, ఆ భోజనము కొరకే పనిగట్టుకొని ప్రయాణము చేయదగునని అర్థము. మరియొక సంగతి. రెస్టారెంటు అను మాట 18వ శతాబ్దపు పారిస్ నగరములో మొదట ఇంటికి పేరు కాదు. నీరసించినవారికి బలము తిరిగి వచ్చుటకు ఇచ్చు మాంసరసమునకు పేరు. దానిని అమ్ముచోటికి ఆ పేరు తరువాత వచ్చినది. పూటకూళ్లవాడు ఆ గాయపడినవానికి పోసినది అటువంటిదే అయియుండును.

ఇప్పుడు నా తండ్రిని గూర్చి చెప్పవలెను. ఆయన తన యౌవనమున ఒక టీ దుకాణము బయట నిలువబడి, మనవారికని వేరుగా నుంచిన గ్లాసును తానే కడిగికొని త్రాగి, మరల తానే కడిగి బోర్లించెడివారట. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములో దుకాణములను, హోటళ్లను, భోజనశాలలను పేరు పెట్టి చెప్పి, అక్కడ కులమును బట్టి ఎవరిని రానీయకపోవుట కూడదని శాసించినది. కాగితముమీది మాట ఆ టీ దుకాణమునకు చేరుటకు చాల కాలము పట్టెను. అందుచేత, లంబసింగిలో ఆ రాత్రి నల్లకోటు తొడిగిన ఒక యువకుడు నా కుర్చీని వెనుకకు లాగి, నేను కూర్చుండువరకు నిలిచినప్పుడు నా కన్నులు చెమ్మగిల్లినవి. నాయన కడిగిన గ్లాసునకు ఇది జవాబు అనుకొంటిని. డబ్బునకు ఒక మంచి గుణము కలదు. అది కులము అడుగదు. ఈ మాట పాస్టరు నోట రాకూడదని కొందరందురేమో. మన పేటలలో పుట్టినవారు మాత్రము అనరు.

ఆ గౌరవమును అనుభవించుచు రెండు గంటలు తింటిని. "తమ్ముడూ, నీళ్లు" అని రెండు మూడు మారులు అడిగితిని. పళ్లెములవంక చూచితిని, నెగడువంక చూచితిని.

చివరకు బిల్లు వచ్చెను. మమ్మును పిలిచిన అబ్బాయి దాచబోయెను గాని నా కంటబడినది. గదులు, భోజనము కలిసి 11,400 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి దినకూలి 300 రూపాయలు. నేను మనస్సులోనే భాగించితిని: 38 దినముల కూలి. తిన్నది గొంతులో అడ్డుపడినట్లాయెను. బీదలను తలంచుచున్నానని లోలోపల నన్ను నేను మెచ్చుకొంటిని కూడ.

అప్పుడు ఆ నల్లకోటు యువకుడు బల్ల తుడుచుచు వంగి, మెల్లగా "అయ్యగారూ, వందనాలండి. నన్ను పోల్చలేదా?" అనెను.

ముఖము పైకెత్తి చూచితిని. చింతపల్లి దారిలో లోపలికున్న ఒక కొండపల్లెలోని కుర్రవాడు. చిన్నతనమున మా సండేస్కూలులో 23వ కీర్తన కంఠతా చెప్పి, నా చేతిమీదుగా పెన్సిళ్ల పెట్టె బహుమానము పొందినవాడు. శత్రువుల యెదుట సిద్ధపరచబడిన భోజనపు బల్లను గూర్చి వానికి నేర్పినవాడను నేనే!

"ముందే ఎందుకు పలుకరించలేదు నాయనా?" అంటిని.

"డ్యూటీలో ఉండగా గెస్టులతో మాట్లాడకూడదండి. మీరు తృప్తిగా తింటున్నారని చూసి సంతోషించానండి" అనెను.

సిగ్గుతో జేబులోనుండి 200 రూపాయలు తీసి వాని చేతిలో పెట్టబోయితిని. వాడు చేయి వెనుకకు తీసికొనెను. "వద్దండయ్యగారూ. మా ఊరు వచ్చి చాలా రోజులైందండి. అమ్మ అడుగుతాది. ఓసారి రండి."

చాల రోజులు కాదు, ఎనిమిది నెలలు. ఎక్కుడు ఎక్కువని, మోకాలి నొప్పి అని వాయిదా వేయుచు వచ్చితిని. విందుకు పిలిచినప్పుడు అదే కొండ ఎక్కితిని.

వెల లెక్కించుట సులభము. బేతనియలో అత్తరు వెల లెక్కించినవాడెవడో యోహాను సువార్త 12వ అధ్యాయములో చూడుడి. 300 దేనారములు! ఒక దేనారము ఒక దినపు కూలి గనుక దాదాపు సంవత్సరపు కష్టము. అతని కూడిక తప్పు కాదు. మన ప్రభువు సుంకరుల యింటను పరిసయ్యుల యింటను విందులకు వెళ్లెను. తిండిపోతను నిందయు పడెను. కాబట్టి మంచి భోజనము పాపమని నేను బోధింపజాలను. నా 38 దినముల లెక్కయు తప్పు కాదు. కాని కష్టపడువారిలో ఒకడు నా మోచేతి ప్రక్కనే నిలిచియుండగా వానిని చూడకయే కష్టపడువారిని గూర్చి దుఃఖించితిని. లూకా 16వ అధ్యాయములోని ధనవంతుడు లాజరును కొట్టినట్లు గాని తిట్టినట్లు గాని ఎక్కడను వ్రాయబడలేదు.

అయితే ఆ కుర్రవాడు లాజరు కాడు. ఆ పని వానికి ఇష్టము. బొంగుకోడికి వెదురు తెచ్చువాడు తన మేనమామయేనని గర్వముగా చెప్పెను. వంటపని నేర్చుకొని ఎప్పటికైనను తానే ఒక హోటలు పెట్టవలెనని వాని ఆశ. వానిని చూచి జాలిపడిన యెడల అది మరియొక రీతిగా చూడకపోవుటయే.

సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చెను, అనగా రెండు దినముల కూలి. పని చేసి డబ్బు పుచ్చుకొన్నందుకు ప్రభువు ఆ మనుష్యుని తప్పుపట్టలేదు. నాకు క్రొత్తగా తోచినది అక్కడ కాదు. డబ్బు ఇచ్చిన తరువాత సమరయుడు మాటలాడెను. మిగిలినది తాను మరల వచ్చునప్పుడు తీర్చుదునని చెప్పెను. మనము బిల్లు కట్టునది, ఎవరికిని ఏమియు బాకీ లేకుండ లేచిపోవుటకే గదా! నా తండ్రి వంటివారికి అది ఒక విడుదల, కాదనను. సమరయుడు డబ్బు ఇచ్చియు బాకీ మిగుల్చుకొని పోయెను.

ఫిబ్రవరి నెలలో ఆ కొండపల్లెకు వెళ్లితిని. మోకాలు నొప్పి పెట్టిన మాట నిజమే. కుర్రవాడు పనిలో నున్నాడు. తల్లి చాప వేసి, చోడి అంబలియు, నిప్పులమీద కాల్చిన ఎండుచేపయు పెట్టినది. ప్రార్థన చేసి తినుచుండగా ఆమె గుమ్మమువద్ద కూర్చుండి అడిగినది.

"అక్కడ మావోడే వడ్డించాడంట కదండి?"

"అవునమ్మా."

"నల్లకోటు ఏసుకుంటాడంట. ఫోనులో చెప్తాడు గానీ ఫోటో పంపడండి, సిగ్గంట. ఆడికి బాగుంటుందాండి ఆ కోటు?"

నేను జ్ఞాపకము చేసికొనుటకు ఎంతో ప్రయత్నించితిని. కోటు జ్ఞాపకమున్నది గాని, అది వాని ఒంటిమీద ఎట్లుండెనో తెలియలేదు. ఈసారి లంబసింగి మీదుగా దిగునప్పుడు ఆగి, చూచి, మరల వచ్చి చెప్పుదునని ఆమెకు మాట యిచ్చితిని.