జులై ఒకటిన పుట్టినవాడు

రికార్డుల ప్రకారం మా తాతయ్య 1927 జులై 1న పుట్టాడు. ఆ తరంలో ఎంతమంది అదే రోజున పుట్టారో చూస్తే, పాపం ఆ రోజు మంత్రసానులకి ఊపిరాడి ఉండదు. అసలు సంగతి తెలిసిందే. పిల్లాడి చెయ్యి తల మీదుగా అవతలి చెవిని అందితే అయిదేళ్ళు నిండినట్టు. బడి తెరిచే రోజులకి దగ్గరగా ఓ తేదీ వేసేస్తే పని అయిపోయినట్టు.

నిరుడు మా వంశవృక్షాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తుంటే నాయనమ్మ ఆ తేదీని కొట్టిపారేసింది. "ఆయన పుట్టింది శుక్ల కార్తీకంలో. ఒక తరగతి ముందు వేయించడానికి మా మామగారు రెండేళ్ళు ఎక్కువ చెప్పారు." పట్టిక చూశాను. శుక్ల నామ సంవత్సరంలో కార్తీకం 1929లో వస్తుంది. లెక్క సరిపోయింది.

ఇది పుట్టినరోజు పాయసానికి సంబంధించిన తేడా మాత్రమే అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గించారు. కాగితం మీద 55 దాటినవాళ్ళంతా ఆ ఫిబ్రవరి 28న ఒక్కసారే ఇంటికొచ్చేశారు. వాళ్ళలో తాతయ్య ఒకడు. నాయనమ్మ లెక్కలో ఆయనకి అప్పటికి 53. అత్తయ్య పెళ్ళి ఇంకా కాలేదు.

బగ్ దొరికింది కదా అని 1927 చెరిపి 1929 వేశాను. తర్వాత చూస్తే ఆ వరసకి అర్థమే లేకుండా పోయింది. 53 ఏళ్ళకే ఎందుకు రిటైరయ్యాడు? ఆ తేదీ అబద్ధమే కావచ్చు. కానీ ఆయన్ని ఉద్యోగంలో చేర్చిందీ, ఇంటికి పంపిందీ అదే. దాన్ని తీసేస్తే ముత్తాత ఆశ, తాతయ్య నష్టం రెండూ దాంతోపాటే పోయాయి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. తప్పు పడితే రిజిస్ట్రారు అసలు నమోదుని ముట్టుకోకుండా, మార్జిన్‌లో సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. అంటే ఏది సరైనదన్నదే కాదు, ఎవరు ఎప్పుడు దిద్దారన్నది కూడా మిగలాలి.

అయితే తప్పుని ఇలా భద్రపరుచుకునే తీరిక చనిపోయినవాళ్ళ విషయంలోనే చెల్లుతుంది. ఆధార్‌లో ఒక పేరు, పాసుబుక్కులో ఇంకో పేరు ఉండి పింఛను ఆగిపోయిన ముసలావిడకి తప్పులోని చరిత్ర గురించి చెప్పడం క్రూరత్వం. ఆవిడకి కావలసింది దిద్దుబాటు, అదీ ఇవాళే.

ఇంకో చిక్కు మొన్న తగిలింది. ఫోన్లో రికార్డు చేసుకున్న నాయనమ్మ మాటలు మళ్ళీ విన్నాను. శుక్ల అంటే సంవత్సరమా, శుక్ల పక్షమా? అడిగితే, "మా అత్తగారు అలాగే అనేవారు నాన్నా" అంది. పక్షమే అయితే ఏ ఏడాది కార్తీకమైనా కావచ్చు. ఆ రెండేళ్ళ కథ కూడా 1983 దెబ్బకి ఓ కారణం వెతుక్కుంటూ అల్లుకున్నదేమో. గుమాస్తా రాసిందాన్ని అనుమానించినంత తేలిగ్గా నాయనమ్మ మాటని అనుమానించలేకపోయాను. ఆవిడ మనిషి కాబట్టి, మా మనిషి కాబట్టి.

ఇప్పుడు ఆ గడిలో మళ్ళీ 1927 జులై 1 ఉంది. పక్కన నాయనమ్మ మాట, ఆవిడ అన్నది అన్నట్టే. దాని పక్కన నా అనుమానం, నా పేరుతో, తేదీతో.