అపాస్ట్రఫీ దైవనియమమా?

ఇంగ్లిష్‌లో ‘గాడ్స్’ చెవికి ఒక్కటే, కాగితం మీద మూడు. ఎస్‌కు ముందు అపాస్ట్రఫీ పడితే ‘దేవుని’, ఎస్ తర్వాత పడితే ‘దేవతల’, అసలు పడకపోతే ‘దేవతలు’. ఏకదేవుణ్ని కొలిచే మతంలో పిల్లలకు ఈ గుర్తు నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అమెరికాలోని క్రైస్తవ బడుల్లో, ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే కుటుంబాల్లో వ్యాకరణానికి వేదాంతపరమైన సమర్థన కూడా వినిపిస్తుంది. భాష దేవుడిచ్చిన వరం, ఆయన క్రమానికి కర్త, కనుక వ్యాకరణంలోని క్రమమూ ఆయనదే అంటారు. ఆదాము జంతువులకు పేర్లు పెట్టడం, యోహాను సువార్త మొదట్లోని ‘వాక్యము’ ఇందుకు ఆధారాలు. పొల్లు, సున్నల గురించి యేసు అన్న మాటనూ ఇందులోకి లాగడం తేలికే గానీ, అది ధర్మశాస్త్రం గురించి చెప్పింది, విరామచిహ్నాల గురించి కాదు.

భాష వరమన్నంత వరకు వాదం నిలుస్తుంది. ఆపైన అపాస్ట్రఫీ చరిత్రే దాన్ని నిలవనీయదు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ గుర్తు మొదట్లో జారిపోయిన అక్షరానికి ఆనవాలు. షష్ఠీ విభక్తికి వాడటం స్థిరపడింది తర్వాతే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో షష్ఠీ రూపాలు సాధారణంగా ఈ గుర్తు లేకుండానే అచ్చయ్యాయి. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకంలో ‘క్రీస్తు నిమిత్తం’ అనడానికి ‘క్రైస్ట్ హిజ్ సేక్’ అని ఉంది. యేసు పేరు చివర మరో ఎస్ చేర్చాలా వద్దా అన్నది ప్రచురణకర్తల మధ్య ఇప్పటికీ తేలలేదు. ఇది మనుషులు కుదుర్చుకున్న మర్యాద.

దైవనియమానికీ మనుషుల మర్యాదకూ ఉన్న ఈ తేడా వక్తృత్వం బోధించి బతికిన అగస్టీన్‌కు తెలుసు. మనిషి అనే అర్థమున్న ‘హోమో’లో హకారం మింగేసినవాణ్ని తప్పుపట్టే లోకం, మనిషిని ద్వేషించేవాణ్ని అంతగా పట్టించుకోదని ‘కన్ఫెషన్స్’లో వాపోయాడు. ఆయన తప్పుపట్టింది వ్యాకరణాన్ని కాదు, తూకాన్ని.

అయినా అపాస్ట్రఫీ నేర్పాలి, చదివేవాడు పొరుగువాడే కనుక. రాత తికమకపెడితే ఆ బరువు అతని మీద పడుతుంది. అందుకే అపాస్ట్రఫీ తప్పును అపరాధంగా కాక పొరపాటుగా దిద్దడం సబబు. పాఠానికి పదో ఆజ్ఞ బాగా పనికొస్తుంది: అందులో పొరుగువాని ఇల్లు, భార్య, దాసుడు, ఎద్దు, గాడిద అన్నీ షష్ఠితోనే ఉంటాయి. ఆ పొరుగువాణ్ని బహువచనం చేసి మళ్లీ రాయమంటే గుర్తు ఎటు జరగాలో పిల్లలే కనిపెడతారు. ‘ఇట్స్’లో అపాస్ట్రఫీ పడాలా వద్దా అన్న తికమకకు మాత్రం కింగ్ జేమ్స్ చదివే బడులు ఉదాహరణలు బయట వెతుక్కోవాలి. ఆ అనువాదంలో అపాస్ట్రఫీ లేని ‘ఇట్స్’ లేవీయకాండం 25:5లో ఒక్కసారే కనిపిస్తుంది, అదీ తర్వాతి ముద్రణల్లో చేరినదే.