తండ్రి ఋణము – ప్రహ్లాదుని వరము

పిత్రార్జితమనగానే మనకు పొలము, ఇల్లు, నగలు జ్ఞప్తికి వచ్చును. కాని పెక్కు కుటుంబములలో తండ్రినుండి బిడ్డకు సంక్రమించునది ఆస్తి కాదు, కష్టము. అది అప్పుపత్రము కావచ్చును, త్రాగుడువలన చెడిన పేరు కావచ్చును, కారణమే తెలియని కోపము కావచ్చును. దీనిని బిడ్డ ఎంతవరకు మోయవలెను?

ధనవిషయమున పెద్దలు స్పష్టముగనే చెప్పిరి. తండ్రి చేసిన అప్పును తీర్చుట కుమారునికి ధర్మమనిరి. అయినను సురాపానమునకు, జూదమునకు చేసిన అప్పును కుమారుడు తీర్చనక్కరలేదని మనుస్మృతియు యాజ్ఞవల్క్యస్మృతియు మినహాయించినవి. న్యాయస్థానములు సైతము చిరకాలము ఈ పుత్రధర్మమును పాటించినవి. 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము తరువాత చేసిన అప్పులకు, కేవలము పుత్రధర్మమను కారణమున కుమారునిపై దావా చెల్లదు. అప్పు సంగతి అట్లు తేలినది. కోపము సంగతిని ఏ చట్టము తేల్చగలదు?

గత వేసవిలో సింహాచలము వెళ్ళి వచ్చిన రాత్రి, మా తొమ్మిదేండ్ల పిల్లవానికి ప్రహ్లాదచరిత్రము చదివి వినిపించుచుంటిని. ఏనుగులు, పాములు, విషము, కొండపైనుండి త్రోయుట – అన్నింటిని కన్నులు పెద్దవి చేసికొని విన్నవాడు, ఉన్నట్టుండి "నాన్నా, ప్రహ్లాదుడికి వాళ్ళ నాన్న మీద కోపం రాలేదా?" అని అడిగెను. నాకు మాట పెగలలేదు. ఆ ఉదయమే మెట్లదారిలో నీళ్ళసీసా జారవిడిచినాడని వానిని కొట్టియుంటిని. అప్పుడు నా నోట వచ్చిన తిట్లు నావి కావు, మా తండ్రిగారివి. ఆయనకవి మా తాతగారు ఇచ్చినవి. తాతగారు అప్పులలో పొలము పోగొట్టుకొని, ఆ దుఃఖమును కొడుకు వీపుమీద తీర్చుకొనిన మనిషి. పొలము పోయినది, అప్పు తీరినది, దెబ్బ మాత్రము మూడవ తరమునకు వచ్చి చేరినది.

పిల్లవాడు నిద్రించిన తరువాత సప్తమస్కంధమును మరల మొదటినుండి చదివితిని. హిరణ్యకశిపుని క్రౌర్యమునకు మూలము శోకము. వరాహమూర్తి చేత సోదరుడు హతుడయ్యెను. అప్పుడు తల్లియైన దితిని, సోదరుని భార్యాబిడ్డలను కూర్చుండబెట్టి, దేహము అనిత్యమని, ఏడువతగదని ఎంతో చక్కగా ఓదార్చినది ఈ హిరణ్యకశిపుడే! ఆ వేదాంతము తనకు మాత్రము పనికిరాలేదు. ఏడువవలసిన దుఃఖమును పగగా దాచుకొనెను. ఆ పగ ఐదేండ్ల బిడ్డపై పడెను. సింహాద్రినాథుడు వరాహ నరసింహ రూపములు రెండింటిని ఒకే మూర్తియందు ధరించియున్నాడు. సోదరులిద్దరి కథయు అక్కడ ఒక్కచోట చేరినది. అక్షయతృతీయనాడు తప్ప ఏడాది పొడుగునను ఆ మూర్తిపై చందనమే.

కొందరు ఈ కథ చెప్పి, తండ్రి ఏమి చేసినను ఓర్చుకొమ్మని బిడ్డలకు బోధింతురు. అది సరికాదని నాకు తోచుచున్నది. ప్రహ్లాదుడు అధర్మవిషయమున తండ్రికి ఒక్కమారైనను లొంగలేదు. స్తంభము పగిలినది బిడ్డ పక్షముననే. కాని పిమ్మట జరిగినది గమనింపదగినది. వరము కోరుకొమ్మని స్వామి పలుకగా, మొదట తనకేమియు వలదనిన బాలుడు, చివరకు ఒక్కటి కోరెను: నా తండ్రి నిన్ను నిందించిన పాపమునుండి శుద్ధుడు కావలెను. ఒక్క తండ్రియే కాదు, ఇరువదియొక్క తరముల పితరులు పవిత్రులైరని స్వామి సెలవిచ్చెను. అంతటితో ఆగక, తండ్రికి ఉత్తరక్రియలు జరుపుమని ఆజ్ఞాపించెను. శుద్ధుడైన వానికి మరల క్రియలెందుకు? అవి కొడుకు కొరకేమో. తండ్రిని తండ్రిగా సాగనంపినవానికి, ఆయన పగను ఇంటిలో ఉంచుకొను పని లేదు గదా.

తండ్రులు బిడ్డలకు ఇచ్చుటయే మనమెరుగుదుము. ఇచ్చట బిడ్డ తండ్రికి ఇచ్చినాడు. మా తాతగారి పేర, తండ్రిగారి పేర ఏటేట తద్దినము పెట్టుచునే యున్నాను. పిండము పెట్టిన చేతితోనే వారి దెబ్బను కొడుకునకు అందించుచున్నానన్నది ఆ రాత్రి వరకు నాకు తట్టలేదు.

మరునాడు వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "కోపం వచ్చిందో లేదో నాకు తెలియదురా. వాళ్ళ నాన్నకి మంచి జరగాలని మాత్రం స్వామిని అడిగాడు" అంటిని.

"మరి వాళ్ళ నాన్న ప్రహ్లాదుణ్ణి ఎప్పుడూ క్షమించమని అడగలేదా?"

"లేదు. అడిగే లోపలే ఆయన పని అయిపోయింది. నేను అడుగుతున్నాను. నిన్న మెట్ల మీద నిన్ను కొట్టడం నా తప్పు."

వాడు కొంతసేపు నా ముఖము చూచి తలయూపెను. తరువాతి కథ ఎప్పుడు చదువుదువని అడిగెను. ఆ రాత్రి ప్రహ్లాదుని మనుమడైన బలిచక్రవర్తి కథ మొదలుపెట్టితిమి.