ఎర్ర పరుపు, తెల్ల దుప్పటి

నగ్నచిత్రం ఎదుట మనవాళ్ళు రెండు పక్షాలవుతారు. ఒకరు నీతి పేరిట కళ్ళు మూసుకుంటారు. మరొకరు రంగులూ రేఖలూ తప్ప అక్కడ ఇంకేమీ లేదంటారు. టిషియన్ 1538 నాటికి ముగించిన ‘ఉర్బీనో వీనస్’ ఈ ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది.

ముదురాకుపచ్చ తెర ఆమె తలవైపు సగాన్ని చీకటి చేస్తుంది. దాని అంచు నిట్టనిలువుగా దిగి మన చూపును ఆమె ఒడిమీదికి తెస్తుంది. ఎర్ర పరుపు, పైన నలిగిన తెల్ల దుప్పటి, వాటిమీద దేహపు బంగారు వెచ్చదనం. కుడివైపు మాత్రం గది లోలోపలికి పోతుంది: నేల పలకలు, కిటికీ, ఇద్దరు పనికత్తెలు. తెల్లబట్టల పిల్ల మోకాళ్ళమీద కూర్చుని పెట్టెలో వెతుకుతోంది. ఎర్రబట్టల ఆమె భుజాన యజమానురాలి ఉడుపు ఉంది. పరుపు ఎరుపూ దుప్పటి తెలుపూ మళ్ళీ వాళ్ళ ఒంటిమీదే! దూరం వాళ్ళను చిన్నవాళ్ళను చేసింది గాని, రంగు మరుగుపడనివ్వలేదు. బట్ట అందించే చేతులు వేరే ఉంటేనే నగ్నత్వానికి ఇంత తీరిక. నీతి ప్రశ్న వేయవలసింది ఆ పెట్టె దగ్గర.

చిత్రాన్ని కొన్న గ్విదొబాల్దో తన ఉత్తరంలో దీన్ని ‘నగ్న స్త్రీ’ అనే అన్నాడు. వీనస్ అన్నది 1568లో వసారి. దేవత పేరు పెడితే మర్యాద వచ్చేస్తుంది, మనకు తెలియనిదా? ద్రాక్షారామంలో సానుల ఆటపాటలూ భీమేశ్వరుడి పేరిటే సాగాయి. బాలికలను దేవుడికి అంకితమివ్వడాన్ని మద్రాసు చట్టం నిషేధించింది 1947లో. అయితే అఖండ దీపాలకు దానమిచ్చిన సానుల పేర్లు ఆ గుడి శాసనాల్లో నేటికీ ఉన్నాయి. టిషియన్ ఎదుట పడుకున్న ఆమె ఎవరో నిశ్చయంగా తేలలేదు. పెట్టెలో వెతికే పిల్ల ఎవరని అడిగినవాళ్ళే తక్కువ.